కింది దవడ ఫుల్ ఆర్చ్‌కు స్టాకబుల్ గైడ్: ప్రింట్‌కు పంపే ముందు ఏమేం చూసుకోవాలి?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):

నమస్తే. గైడ్‌తో (డ్రిల్‌కు దారి చూపే ప్రింట్ అచ్చు) ఫుల్ ఆర్చ్, అంటే ఇంప్లాంట్ల మీద దవడ మొత్తానికీ పళ్లు, చేసినవాళ్లు కాస్త చూసి చెప్పండి.

కేసు ఇదీ. వయసు 61. షుగరు ఉంది, అదుపులోనే ఉంది. పైన పూర్తి పళ్ల సెట్టు. కింద ముందరి ఆరు పళ్లే మిగిలాయి, పంటి నంబర్లలో 33 నుంచి 43 దాకా. ఆరూ కదిలేవే: నాలుగు గ్రేడ్ 2, రెండు గ్రేడ్ 3 (బాగా వదులు). గుట్కా మానేశాడు గానీ బుగ్గల లోపలి బిగుతు పోలేదు. నోరు బాగా తెరిస్తే 37 మి.మీ. వస్తోంది.

ప్లాన్: ఆరూ తీసేసి అదే పూట నాలుగు ఇంప్లాంట్లు. ముందు రెండు నిటారుగా 4 × 13 (మి.మీ.లో లావు × పొడవు), వెనక రెండు 30 డిగ్రీల వాలుతో 4 × 15. సాయంత్రానికి స్క్రూతో బిగించే తాత్కాలిక పళ్లు. ఎముక పైఅంచు 3 మి.మీ. వెడల్పే ఉంది, 4 మి.మీ. కిందికి దిగితే 7 దొరుకుతోంది. కాబట్టి 4 మి.మీ. కోసేయాలి.

ల్యాబ్ నుంచి డిజైన్ వచ్చింది, ప్రింట్ ఇంకా కాలేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కే (స్టాకబుల్) ముక్కలు నాలుగు: పళ్ల మీద కూర్చునే లొకేటర్, పిన్నులతో ఎముకకు బిగిసే బేస్, బేస్ మీద ఎక్కే డ్రిల్ గైడ్, ఆఖర్న అదే బేస్ మీద కూర్చునే పీఎంఎంఏ (అక్రిలిక్) తాత్కాలిక పళ్లు. బేస్‌కు పిన్నులు మూడు, మూడూ ముందు వైపు నుంచే, దాదాపు ఒకే దిశలో ఉన్నాయి. చాలతాయా? 37 మి.మీ.తో వెనక డ్రిల్ పడుతుందా? 30 డిగ్రీల ఎంయూఏకు (ఇంప్లాంట్‌కూ పళ్లకూ మధ్య బిగించే ముక్క) పీఎంఎంఏలో కన్నాలు ముందే పెట్టి ఇస్తామంటున్నారు, నమ్మొచ్చా? "పెట్టడం, డ్రిల్ చేయడం, అంతే సార్" అని ల్యాబ్ అబ్బాయి అంటున్నాడు. అంత తేలికైతే ఇక్కడ అడిగేవాణ్నే కాదు.

ల్యాబ్_బెంచ్ (అనంతపురం):

డాక్టర్ గారూ, ప్రింట్ కాలేదన్నారు, మంచిదైంది. పిన్నుల సంగతి తర్వాత. ముందు రెండు విషయాలు చెప్పండి. సీబీసీటీ (దవడ ఎముక 3డీ ఎక్స్‌రే), ఇంట్రాఓరల్ స్కాన్ (నోట్లో పళ్ల, చిగుళ్ల స్కాన్) ఒకే రోజు తీశారా? తీసేముందు ఆ ఆరు పళ్లనూ స్ప్లింట్ చేశారా, అంటే కదలకుండా ఒకదానికొకటి అతికించారా?

ఎందుకు అడుగుతున్నానంటే, మీ లొకేటర్‌కు ఆధారం ఆ ఆరు పళ్లే. గ్రేడ్ 3 పన్ను నాలుక తోస్తే ఒక చోట, పెదవి తోస్తే ఇంకో చోట ఉంటుంది. సీబీసీటీలో ఒక చోట, స్కాన్‌లో మరో చోట ఉంటే సాఫ్ట్‌వేర్ రెండింటికీ మధ్యలో ఎక్కడో సర్దేస్తుంది. స్క్రీన్ మీద రంగు పచ్చగానే కనిపిస్తుంది, తప్పు బయటపడదు. ఇక సర్జరీ రోజు లొకేటర్‌ను నొక్కితే పళ్లే దానికి తగ్గట్టు కదులుతాయి. అది "టక్" మని కూర్చున్నట్టే ఉంటుంది, కూర్చున్నది మాత్రం తప్పుడు చోట. గట్టి పళ్ల మీద సరిపోని గైడ్ ఊగి తన తప్పు చెప్పేస్తుంది. కదిలే పళ్ల మీద ఊగదు, అదే ప్రమాదం.

ఇంకోటి. మ్యాచింగ్‌కు, అంటే ఆ రెండు స్కాన్లను ఒకదాని మీద ఒకటి సరిపెట్టడానికి, దొరికే గట్టి గుర్తులన్నీ ముందు వైపే ఉన్నాయి, మీ వాలు ఇంప్లాంట్లు వాటికి దాదాపు 20 మి.మీ. వెనక. ముందు మ్యాచింగ్ 2 డిగ్రీలు వంగితే వెనక 0.7 మి.మీ. పైకో కిందికో పోతుంది. ఇది ఒక్క మ్యాచింగ్ తప్పే. ప్రింట్ తేడా, స్లీవ్ (డ్రిల్ దిగే గొట్టం) వదులు, పిన్ను ఆట దాని మీద కలుస్తాయి. గైడ్ సర్జరీ మీద 2018లో వచ్చిన పెద్ద సమీక్షలో సగటు తేడా ఎముక ముఖం దగ్గర 1.2 మి.మీ., మొన దగ్గర 1.4 మి.మీ., కోణంలో 3.5 డిగ్రీలు. సగటే అంత. నరానికి 2 మి.మీ. వదలాలన్న నియమం అందుకే.

వెనక చిగురు మీద గుర్తు కావాలంటే, రెండు వైపులా చిన్న స్క్రూ ఒక్కొక్కటి, తల చిగురు పైకి కనిపించేలా వేసి, అవి ఉండగానే సీబీసీటీ, స్కాన్ రెండూ తీయాలి. అప్పుడు ముందూ వెనకా కలిపి మ్యాచ్ చేయొచ్చు. స్క్రూ వద్దనుకుంటే పళ్ల స్ప్లింట్ మీదే రేడియో ఒపేక్ (ఎక్స్‌రేలో కనబడే) కాంపోజిట్ బొట్లు ఐదారు పెట్టండి. బొట్లు ఒకే ఎత్తులో, ఒకే వరసలో వద్దు, ఎగుడుదిగుడుగా ఉండాలి. తీసేటప్పుడు పైసెట్టుకూ కింది పళ్లకూ మధ్య దూది పెట్టి ఎడం చేయండి, కరిచి పెడితే అంచులు కలిసిపోతాయి.

పెన్నా_ప్రాస్థో (కడప):

ల్యాబ్ అన్న చెప్పినదానికి తోడు ఒక ప్రశ్న: 37 అనేది పైసెట్టు నోట్లో ఉండగా కొలిచారా, తీసి కొలిచారా?

హంద్రీ_ఒడ్డు:

దొరికిపోయాను. సీబీసీటీకి, స్కాన్‌కు మధ్య 19 రోజులు. స్ప్లింట్ లేదు. 37 సెట్టు పెట్టుకునే కొలిచాను, సెట్టు అంచు నుంచి కింది పంటి అంచుకు.

పెన్నా_ప్రాస్థో:

అయితే ఆ ప్లాన్ పక్కన పెట్టి స్ప్లింట్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి సార్. వారం ఆలస్యమైతే ఏం పోదు. స్ప్లింట్ ఒకసారి వేశాక సర్జరీ రోజు దాకా తీయొద్దు, గరుకుగా ఉందని పాలిష్ కూడా చేయొద్దు. లొకేటర్ తయారయ్యేది ఆ ఆకారానికే.

నోరు తెరుచుకోవడం లెక్క. గైడ్ కిట్‌లో డ్రిల్ పొడవు ఇంప్లాంట్ పొడవుతో తేలదు. స్లీవ్ పైఅంచు నుంచి ఇంప్లాంట్ తల దాకా ఉన్న ఎడం కూడా కలపాలి. సిస్టంను బట్టి అది మారుతుంది, 9 నుంచి 10 అనుకోండి. 15 ఇంప్లాంట్‌కు 25 మి.మీ. డ్రిల్, దాని పైన కాలర్, ఆపైన హ్యాండ్‌పీస్ తల. మొత్తం 45 దాకా పోతుంది. డ్రిల్ మొన స్లీవ్ నోట్లో పెట్టేనాటికి స్లీవ్ పైన అంత ఖాళీ ఉండాలి.

మీకు ఉన్నది: 37, సెట్టు తీస్తే పైన ఇంకో 10, కింద పంటి ఎత్తు 10, కోసే ఎముక 4. ముందు వైపు ఎముక నుంచి 60 దాకా వస్తుంది. స్లీవ్ ఎత్తు 10 తీసేస్తే 50. ముందు రెండింటికీ కావలసింది 43, దర్జాగా పడతాయి. రెండో ప్రీమోలార్ దగ్గర అందులో మూడొంతులే దొరుకుతుందనుకోండి, 37 చిల్లర. కావలసింది 45. పైగా వాలు ఇంప్లాంట్ తల వెనక్కి వాలుతుంది కాబట్టి హ్యాండ్‌పీస్ కూడా వెనక్కి, అంటే ఇంకా ఇరుకులోకే పోతుంది. కాబట్టి మామూలు గుండ్రటి స్లీవ్‌తో మీ వెనక డ్రిల్ పడదు.

లెక్క మీద నమ్మకం లేకపోతే రేపే కుర్చీలో చూడండి. సెట్టు తీయించి, మోటారు ఆఫ్‌లో ఉంచి, హ్యాండ్‌పీస్‌కు ఆ 25 మి.మీ. డ్రిల్లే తగిలించి, 5వ పంటి చోట చిగురుకు 10 మి.మీ. ఎత్తున మొన నిలిపి, 30 డిగ్రీలు వెనక్కి వాల్చండి. పై చిగురుకు హ్యాండ్‌పీస్ తగిలితే అక్కడే తేలిపోతుంది.

దారులు మూడు. ఒకటి, వెనక స్లీవ్‌ను బుగ్గ వైపు తెరిచి సీ ఆకారంలో చేయించడం. డ్రిల్‌ను పైనుంచి దించకుండా పక్కనుంచి జారిస్తే స్లీవ్ ఎత్తు మొత్తం కలిసొస్తుంది. కానీ ఈయనది గుట్కా బుగ్గ, సాగదు. హ్యాండ్‌పీస్ పక్కకు వచ్చే చోటుందో లేదో అదే పరీక్షలో చూసుకోవాలి. రెండు, 15 బదులు 13. టార్క్ (బిగింపు బలం) వచ్చే ఎముకే అయితే 2 మి.మీ. కోసం పట్టుబట్టక్కర్లేదు. మూడు, వెనక వైపు పైలట్ డ్రిల్ (మొదటి సన్న డ్రిల్) మాత్రమే గైడ్‌తో వేసి, డ్రిల్ గైడ్ తీసేసి మిగతావి అదే కన్నం వెంట చేత్తో వేయడం. ఇందులో కోణం కొంత తప్పుతుంది, అందుకే పీఎంఎంఏ కన్నం వదులుగా ఉండాలి. నేనైతే ఒకటీ రెండూ కలిపి చూస్తాను, కుదరకపోతేనే మూడోది.

ఏది చేసినా వెనక రెండూ ముందు వేయండి. నొప్పి లేకున్నా గంట గడిచేసరికి దవడ అలసి నోరు మూసుకుపోతుంటుంది. తేలికైన ముందరివి ఆఖర్న చేసుకోవచ్చు.

ఇక పిన్నులు. మూడు ఒకే దిశలో ఉంటే బేస్ డ్రాయరు లాగా ముందుకు జారుతుంది. మూడైనా సరే, దిశలు వేరేగా ఉండాలి: మధ్య పిన్ను సూటిగా, పక్కవి రెండూ ఒకదాని వైపు ఒకటి వంగి. అప్పుడు ఏ ఒక్క వైపుకూ జారడానికి ఉండదు. నాలుగోది పెడితే ఇంకా మంచిది. అన్నీ మెంటల్ ఫోరామెన్‌కు (నరం ఎముకలోంచి బయటికొచ్చే కన్నం) ముందే, కోత గీతకు కిందే ఉండాలి. ఇంప్లాంట్ దారిలో ఉండొద్దు. ప్లాన్‌లో పిన్నుకూ ఇంప్లాంట్‌కూ మధ్య ఎడం 3డీలో తిప్పి చూడమనండి, ఒక్క కోణంలో చూస్తే ఎడం ఉన్నట్టే అనిపిస్తుంది. నాలుక వైపు ఎముక గోడ దాటనే దాటొద్దు. కింది దవడ ముందు భాగంలో లోపలి గోడ చిల్లు పడితే సబ్‌లింగువల్ ధమని కొమ్మ తెగి నోటి అడుగున రక్తం నిండి, నాలుక పైకి లేచి, ఊపిరికే అడ్డం వస్తుంది. పిన్ డ్రిల్‌కు స్టాపర్ లేకుండా చేయి పెట్టకండి.

వరస ఇలా. మత్తు ఇచ్చాక ముందు బుగ్గ వైపు ఫ్లాప్ (కోసి విప్పే చిగురు పొర) తెరవాలి, పళ్లు ఇంకా ఉండగానే. లొకేటర్, బేస్ రెండూ జోడించి పళ్ల మీద కూర్చోబెట్టాలి. ఇక్కడే సగం కేసులు చెడేది: ఫ్లాప్ అంచు బేస్ కింద చిక్కుతుంది. మిల్లీమీటరు చిగురు ముక్క ఇరుక్కున్నా బేస్ ఒక వైపు లేస్తుంది, ఆ ఎత్తు నాలుగు ఇంప్లాంట్లకూ పోతుంది. బేస్ అంచు వెంబడి ప్రోబ్ (సన్నటి కడ్డీ) తిప్పి చూడండి. లొకేటర్‌కు ప్రతి పంటి మీదా కిటికీ కన్నం ఉండాలి, ఆ కిటికీల్లోంచి పంటి అంచు, గైడ్ లోపలి గోడ అంటుకుని కనబడాలి. ఒక కిటికీలో వెలుతురు కనిపించినా తీసి మళ్లీ పెట్టండి. పైసెట్టు పెట్టి కరిపిస్తే కూర్చుంటుంది కదా అనుకోవద్దు, సెట్టే చిగురు మీద కదులుతుంటుంది. అసిస్టెంట్ రెండు వేళ్లతో, రెండు వైపులా సమానంగా కిందికి నొక్కి పట్టుకోవాలి.

మొదటి పిన్ను మధ్యది. వేశాక కిటికీలు మళ్లీ చూడాలి. తర్వాత పక్కవి. అన్నీ అయ్యాక లొకేటర్ విప్పి, బేస్‌ను వేలితో ఊపి చూడండి. కదిలితే అక్కడే ఆగి పిన్నులు సరిచేసుకోవాలి. పళ్లు తీసేశాక ఆ బేస్‌ను మళ్లీ సరైన చోట పెట్టడానికి ఏ గుర్తూ మిగలదు.

తుంగభద్ర_ఘాట్ (కర్నూలు):

లెక్కలన్నీ సరే. ఒక్క మాట మరిచిపోవద్దు. ఫ్లాప్ తెరిచే చేస్తున్నారు కాబట్టి మెంటల్ ఫోరామెన్ రెండు వైపులా కంటికి కనిపిస్తుంది. గైడ్ చూపే చోటుకూ కన్ను చూసే చోటుకూ తేడా వస్తే కన్నునే నమ్మండి. చాలామందిలో నరం ఫోరామెన్‌కు ముందు వంపు తిరిగి ఉంటుంది, ఆ వంపు ఎంతో సీబీసీటీలో ముందే కొలిచి కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. వాలు ఇంప్లాంట్ ఆ వంపు దాటి ముందుగానే పోవాలి.

మొదటి కేసుకు స్టాకబుల్ అవసరమా అంటే, నా ఓటు లేదనే. పారదర్శక సెట్టు ఒకటి చేయించి, దాన్నే ఎముక ఎత్తుకూ పంటి చోటుకూ కొలతగా పెట్టి, పైలట్ వరకు వేసుకుంటే ఖర్చు తక్కువ, తప్పు జరిగితే దిద్దుకునే వీలు ఎక్కువ. స్టాకబుల్ అయితే గొలుసు లాంటిది, మొదటి లంకె తప్పితే అన్నీ తప్పుతాయి.

పెన్నా_ప్రాస్థో:

పెద్దలు చెప్పినదాంట్లో కంటి సంగతి నూటికి నూరు. స్టాకబుల్ వద్దనడంతో మాత్రం ఏకీభవించను. ఇక్కడ ఎముక 4 మి.మీ. కోయాలి. ఎక్కడి దాకా కోయాలో చెప్పేది బేస్ అంచే. అది లేకపోతే చేతి అంచనాతో ఒక వైపు 3, ఇంకో వైపు 5 అవుతుంది. కోత తక్కువైతే పళ్లకు ఎత్తు చాలక పీఎంఎంఏ పలచబడి విరుగుతుంది. ఆఖరి పళ్లు లోహం మీద అక్రిలిక్ అయితే ఎముక నుంచి పంటి అంచుకు 15 మి.మీ. దాకా కావాలి, జిర్కోనియాకు కాస్త తక్కువైనా సరిపోతుంది.

కోతలో అందరూ చేసే తప్పు ఒకటుంది. బేస్ ఉండేది బుగ్గ వైపు కాబట్టి ఆ వైపు అంచుతో సమంగా నున్నగా కోసేస్తారు. నాలుక వైపు ఎత్తుగా మిగిలిపోతుంది. డ్రిల్ గైడ్ దిగనప్పుడు గానీ సంగతి తెలియదు. కొందరు అప్పటికీ బలవంతంగా నొక్కేస్తారు, గైడ్ వంగుతుంది. వంపు లేని ప్రోబ్‌ను బేస్ అంచు మీద ఆనించి నాలుక వైపుకు అడ్డంగా పెట్టి, దవడ పొడవునా జరుపుతూ చూడండి, ఎక్కడ తగులుతుందో అక్కడ ఇంకా కోయాలి. పెద్ద ముక్కలు రాంజర్‌తో (ఎముక కొరికే పట్టకారు), మిగిలింది లావు కార్బైడ్ బర్‌తో, సెలైన్ ధారగా పోస్తూ. తీసిన ఎముక పారేయకండి, సెలైన్‌లో ఉంచితే పంటి గుంటల్లో నింపడానికి పనికొస్తుంది.

డ్రిల్లింగ్‌లో వేడి. గైడ్ ఉంటే హ్యాండ్‌పీస్ నీళ్లు స్లీవ్ మీదే పడి పక్కకు పోతాయి, ఎముకకు చేరవు. ఎముక 47 డిగ్రీలకు చేరి నిమిషం ఉంటే దెబ్బతింటుందని 1980ల నుంచీ తెలిసిందే. మే నెలలో కర్నూలులో బయట పెట్టిన సెలైన్ సీసా ముట్టుకుంటేనే వెచ్చగా ఉంటుంది, అది పోసి చల్లబరిచేదేముంది? రాత్రే ఫ్రిజ్‌లో పెట్టండి. అసిస్టెంట్ 20 మి.లీ. సిరంజితో గైడ్ కింద నుంచి, డ్రిల్ ఎముకలో దిగే చోటికే కొట్టాలి. 800 ఆర్‌పీఎం చాలు. రెండు మూడు మి.మీ. దింపడం, స్లీవ్ దాటకుండా ఎముక పైకి తీయడం, మళ్లీ దింపడం. కింది దవడ ముందు భాగం గట్టిగా ఉంటుంది, అక్కడ ఓపిక కావాలి. డ్రిల్‌ను స్లీవ్‌లో పెట్టాకే తిప్పండి, ఆపాకే బయటికి తీయండి. తిరుగుతూ స్లీవ్‌లోకి దూరితే లోహం రజను ఎముకలో పడుతుంది, స్లీవ్ కూడా వదులవుతుంది.

ఇంప్లాంట్ దించేటప్పుడు గైడ్ మౌంట్ (ఇంప్లాంట్‌ను పట్టుకునే పిడి) స్లీవ్‌ను తాకగానే ఆపండి. తాకిన తర్వాత ఇంకో చుట్టు బిగిస్తే ఇంప్లాంట్ దిగదు, అక్కడే తిరిగి ఎముకలో మరలు తినేస్తుంది, లేదంటే గైడ్‌ను పైకి లాగుతుంది. ఆఖరి చుట్టు రాచెట్‌తో చేత్తోనే.

అదే పూట పళ్లు బిగించాలంటే నాలుగింటికీ కనీసం 35 ఎన్‌సీఎం (న్యూటన్ సెంటీమీటర్లు) టార్క్ రావాలి. ఒకటి రాకపోతే? దానికి కవర్ స్క్రూ వేసి, ఎముక ఉంటే ఐదోది వేయడం, లేదంటే మెత్తటి లైనర్ వేసిన సెట్టు ఇచ్చి మూడు నెలలు ఆగడం. ఈ రెండో దారి పేషెంట్‌కు ముందే చెప్పి, ఆ సెట్టు చేయించి పక్కన పెట్టుకోవాలి. "సాయంత్రానికి పళ్లు" అని మాటిచ్చేస్తే ఆ మాట కోసం 20 వచ్చిన ఇంప్లాంట్ మీద కూడా బిగించేస్తారు.

హంద్రీ_ఒడ్డు:

రెండో సెట్టు సంగతి తట్టనే లేదు, చెప్పేస్తాను. ఎంయూఏ కన్నాల సంగతి ఎవరూ అనలేదు.

ల్యాబ్_బెంచ్:

అది నాకు వదిలేయండి. ఇంప్లాంట్ లోపలి కనెక్షన్ ఆరు పలకలదైతే, 30 డిగ్రీల ఎంయూఏ 60 డిగ్రీలకు ఒక్కో స్థానం చొప్పున ఆరు స్థానాల్లోనే కూర్చుంటుంది. ఇంప్లాంట్ ఆగిన చోట పలక సరైన దిక్కు చూడకపోతే ఎక్కువలో ఎక్కువ 30 డిగ్రీలు తప్పుతుంది. అంతేనా అనిపిస్తుంది. కానీ 30 డిగ్రీల ఎంయూఏ అంత తిరిగితే స్క్రూ దిశ దాదాపు 15 డిగ్రీలు పక్కకు పోతుంది, 10 మి.మీ. ఎత్తు పీఎంఎంఏలో అది 2.7 మి.మీ. ముందే పెట్టిన కన్నం అక్కడికి అందదు. అందుకే గైడ్ మౌంట్ మీద పలక గుర్తు, డ్రిల్ గైడ్ స్లీవ్ పక్కన గీత ఉండాలి. ఆఖరి చుట్టు తిప్పేటప్పుడు ఆ రెండూ ఎదురెదురుగా తెచ్చి ఆపండి. డిజైన్‌లో గీత ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. లేకపోతే గైడ్ ఎంత బాగున్నా ఆ నాలుగో ముక్క దండగే.

గీత ఉన్నా పీఎంఎంఏ కన్నం సిలిండర్ (ఎంయూఏ మీద బిగించే గొట్టం) చుట్టూ 1 మి.మీ. పైన వదులుగానే చేయించండి. వెనక కన్నాలు ఇంకా పెద్దగా, నాలుక వైపు కోలగా. బలం తగ్గుతుందనుకుంటే వెనక గోడ మందం పెంచమనండి.

గైడ్ రెజిన్ సంగతి కూడా చెబుతాను. పళ్లకు తగిలే లోపలి వైపు సపోర్టులు పెట్టొద్దనండి. ఐపీఏలో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కంపెనీ చెప్పినంతసేపే కడగాలి, రాత్రంతా నానబెడితే ఉబ్బుతుంది. రెజిన్ బేస్ అయితే 3 మి.మీ. మందానికి తగ్గొద్దు. ఎముక కోసేటప్పుడు బర్ తగిలి అంచు అరిగిపోతుంది కాబట్టి కోబాల్ట్ క్రోమ్ బేస్ అయితే మేలు, ఖర్చు ఎక్కువే. స్లీవ్ వేలితో నొక్కితే దిగాలి. సుత్తితో కొట్టి దింపితే వెంట్రుకంత చీలిక వస్తుంది, సర్జరీలో అక్కడే విరుగుతుంది. ఆటోక్లేవ్‌కు ఆ రెజిన్ ఎంత వేడి తట్టుకుంటుందో సీసా మీద చూడండి. 121 డిగ్రీల రెజిన్‌ను 134 సైకిల్‌లో వేస్తే ఒంపు తిరుగుతుంది, చూస్తే తెలియదు. ఆటోక్లేవ్ నుంచి తీశాక కూర్చోబెట్టి చూడటానికి ప్రింట్ మోడల్ ఒకటి అదనంగా అడిగి, దాన్నీ స్టెరిలైజ్ చేసుకోండి.

పెన్నా_ప్రాస్థో:

వెనక ఎంయూఏ కూర్చోకపోతే టార్క్ పెంచకండి. వాలు ఇంప్లాంట్ తలలో వెనక అంచు ఎముకలో మునిగి ఉంటుంది, ఆ ఎముకే అడ్డం. బోన్ ప్రొఫైలర్ (ఇంప్లాంట్ తల చుట్టూ ఎముక గీకే పనిముట్టు) తిప్పి తీసేసి మళ్లీ పెట్టండి, ఒక చిన్న ఎక్స్‌రే తీసి గీత లేకుండా కూర్చుందో లేదో చూడండి. టార్క్ కంపెనీ కాగితంలో ఉన్నదే. చాలా సిస్టంలలో నిటారు ఎంయూఏకు 35, వాలు ఎంయూఏకు 15.

తాత్కాలిక పళ్లకు: టైటానియం సిలిండర్లు బిగించి, కింద రబ్బర్ డ్యామ్ ముక్క తొడగండి. లేకపోతే అక్రిలిక్ ఎంయూఏ కిందికి, కుట్ల మధ్యకు పోయి గడ్డకట్టి కూర్చుంటుంది. పీఎంఎంఏను బేస్ మీద నిలబెట్టి, ముందు రెండింటినీ అతికించి, గట్టిపడ్డాక వెనకవి. ఒకేసారి నాలుగు కన్నాలూ నింపితే అక్రిలిక్ కుంచించుకుని లాగుతుంది. తర్వాత మూడు స్క్రూలు తీసి, ఒక చివరది మాత్రమే బిగించి, అవతలి చివర చూడండి. అక్కడ సందు తెరుచుకుంటే ఆ సిలిండర్ కోసి మళ్లీ అతికించాలి. పీఎంఎంఏకు బేస్ మీద ఆనే కాళ్లు కోసేసి, చిగురు వైపు అడుగు ఉబ్బెత్తుగా నునుపు చేయండి. గుంట ఉంటే అన్నం ఇరుక్కుంటుంది, ఏ బ్రష్షూ పోదు. పళ్లు ఆఖరి ఇంప్లాంట్‌తో ఆపేయండి, వెనక్కి వేలాడే పన్ను ఒక్కటీ వద్దు. మొత్తం పళ్లు పది, మహా అయితే పన్నెండు.

పేషెంట్‌కు రెండు నెలలు మెత్తటివే. సంగటి, పప్పు, మజ్జిగన్నం సరే. చెనక్కాయలు, చెరకు, నల్లి ఎముకలు వద్దని ఇంట్లోవాళ్ల ఎదురుగా చెప్పండి. ఒక్కడికే చెబితే ఇంటికి వెళ్లేసరికి మరిచిపోతాడు.

హంద్రీ_ఒడ్డు:

రాసుకున్నాను. గురువారం స్ప్లింట్, కాంపోజిట్ బొట్లు, వెనక రెండు స్క్రూలు, అదే రోజు సీబీసీటీ, స్కాన్. పిన్నులు నాలుగు, దిశలు మార్చమంటాను. వెనకవి 13 చేసి, సీ స్లీవ్ బుగ్గ వైపు. హ్యాండ్‌పీస్ పరీక్ష ఇవాళ సాయంత్రమే చేశాను మేడమ్: 25 డ్రిల్ పై చిగురుకు తగిలింది, 23 తగలకుండా పట్టింది, సందు మాత్రం సన్నమే.

ల్యాబ్_బెంచ్:

ఆ సందు చాలు, కానీ సర్జరీ రోజు బైట్ బ్లాక్ పెట్టేది ఎదురు వైపే. ఇంకొకటి, గైడ్ మీ దగ్గరికి పార్సిల్‌లో వస్తుంటే ఎండాకాలం మధ్యాహ్నం బస్సుకు వద్దని మీ ల్యాబ్‌కు చెప్పండి. డిక్కీలో ఆ వేడికి రెజిన్ ఒంపు తిరగొచ్చు. రాత్రి బస్సులో, థర్మకోల్ డబ్బాలో, మోడల్ మీద కూర్చోబెట్టే పంపమనండి. విడిగా కవర్లో వేసి పంపితే తీసుకోకండి.